అద్దం చూసి పాసైన చెవులు

ముందు నా ఫిర్యాదు వినండి. ముప్పై ఏళ్ళుగా విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాను. నా పేరు వీరభద్రరావు. అందరూ భద్రం అంటారు. ఇన్నేళ్ళలో నా మాటకు సరిగ్గా జవాబు చెప్పినవాళ్ళు లేరు. మా వీధి సంఘం సమావేశంలో లేచి నిలబడి, "మన వీధి మురుగు కాలవ సంగతేం చేశారు?" అని అడిగాను. కార్యదర్శి నా వైపు చూసి పెదాలు రెండుసార్లు కదిపి కూర్చున్నాడు. ఉయ్యూరు బస్సులో కండక్టర్‌ని కంకిపాడు ఎప్పుడొస్తుందని అడిగాను. టిక్కెట్ల మిషను చూసుకుంటూ గొణిగి ముందుకెళ్ళిపోయాడు. ఇంట్లో మా ఆవిడ విజయను కాఫీ అడిగితే వంటింట్లోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇవన్నీ నాకు ఏ వారం జరిగాయో, ఆ రోజు నేను ఏ చొక్కా వేసుకున్నానో కూడా గుర్తు.

నా చెవుల కథ ఎవరైనా అడుగుతారేమోనని కూడా చూశాను. ఎవరూ అడగలేదు. అందుకని నేనే చెబుతున్నాను. ఇందులో ఒక స్క్రూడ్రైవరు, ఒక లారీ అద్దం, లామినేషన్ చేయించిన ఒక కాగితం ఉన్నాయి. ఈ మూడే మూడు వస్తువులతో పాతికేళ్ళ స్నేహాన్ని తుక్కు కింద ఎలా మార్చవచ్చో చూపిస్తాను. మీరు నవ్వండి, ఏమీ అనుకోను. నేనూ మీతో నవ్వుతాను. మధ్యలో ఎక్కడో ఆగిపోతాను, అంతే.

మొదట స్క్రూడ్రైవరు. ఇంజన్లో ఏదో తేడాగా ఉందనుకోండి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు నొక్కిపెట్టి వింటాం. ఏ సిలిండర్ మూలుగుతోందో, ఏ బేరింగ్ అరిగిందో తెలిసిపోతుంది. ఈ విద్యలో నాకు పేరుంది. గుడివాడ నుంచి కూడా ట్రాక్టర్లు తెచ్చి, "భద్రం గారూ, మీరు ఒక్కసారి చెవి పెట్టండి చాలు" అనేవాళ్ళు. నేను కళ్ళు మూసుకుని, ఇంజన్ కొట్టుకునే దెబ్బకు తగ్గట్టు తల ఊపుతూ వినేవాణ్ణి. చూసేవాళ్ళకు కచేరీలో ముందు వరస పెద్దమనిషిలా కనిపించేవాణ్ణట. ఈ తల ఊపుడు గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

ఇంజన్లో వెంట్రుకంత తేడా పట్టుకునే చెవికి మనుషుల మాట అందదా? అందలేదంటే తప్పెవరిది? మాట్లాడేవాళ్ళది. నోరు తెరవకుండా గొణుగుతున్నారు. నాకు యాభై దగ్గర పడేసరికి మొత్తం కృష్ణా జిల్లా ఒక్కసారిగా గొణగడం మొదలుపెట్టింది. ఎవరికీ మర్యాద లేదని నేను తీర్మానించుకున్నాను.

ఇక ఖాజా. నా పక్క షెడ్డు వాడిది. లారీలకు, బస్సులకు టింకరింగ్ పని. అంటే సొట్టలు పడిన రేకును సుత్తితో కొట్టి మళ్ళీ నున్నగా తేవడం. మా ఇద్దరి మధ్యా ఒక్క రేకు గోడ. వాడు సుత్తి ఎత్తితే నా షెడ్డులో టీ గ్లాసులు గంతులేసేవి. పాతికేళ్ళు ఆ చప్పుడులోనే ఇద్దరం ఒకే క్యారియర్ విప్పుకుని తిన్నాం. నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను అన్నా అంటాడు, మా ఆవిడను వదినా అంటాడు. వాళ్ళమ్మాయి షబానాకు నేను పెదనాన్నను.

ఆ షబానా నిఖా కుదిరింది. కార్డు మా ఇంటికి వచ్చింది. ఖాజా భార్య స్వయంగా వచ్చి మా ఆవిడను పిలిచి వెళ్ళింది. నేను ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టాను.

"ఆడవాళ్ళు ఆడవాళ్ళను పిలిచారు. నన్ను పిలవాల్సినవాడు ఖాజా. ఇంకా నోటితో ఒక్క మాట అనలేదు" అన్నాను.

"రోజూ పక్కపక్కనే ఉంటారు కదండీ. మీరే అడగొచ్చుగా?"

"పిలుపు అడిగి తీసుకుంటారా ఎవరైనా?"

మా వైపు సంగతి మీకు తెలుసు. కార్డు గుమ్మం దాకానే వస్తుంది. మనిషి మొహం చూసి నోటితో పిలిస్తేనే పిలిచినట్టు. నేను ఎదురుచూశాను. రోజూ షెడ్డులో వాడి వైపు మొహం పెట్టి మరీ కూర్చున్నాను. వాడు నన్ను చూసి సంతోషంగా నవ్వుతాడు, సుత్తి ఎత్తుతాడు. పిలవడు. నిఖా రోజు వచ్చింది. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని ఒక్కతే వెళ్ళింది. నేను ఇంట్లో ఆవకాయ అన్నం తిని గోడ వైపు తిరిగి పడుకున్నాను. తిరిగొచ్చి ఆవిడ చెప్పింది:

"మన ఖాజా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడండీ. పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడు. ఎవరు కూర్చోబోయినా లేపేశాడు. భద్రన్న వస్తాడు, వస్తాడు అంటూనే ఉన్నాడు."

"నటన" అన్నాను.

ఆ మర్నాటి నుంచి వాడూ నాతో మాట్లాడడం మానేశాడు. చూశారా, పిలవని పాపం వాడిది, అలక కూడా వాడిదే! క్యారియర్లు రెండయ్యాయి.

కొన్ని నెలలకు మా వీధికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు హారిక. చెవుల మీద పరిశోధన చేస్తోందట. ఆటోనగర్ చప్పుళ్ళలో ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళ వినికిడి ఎలా ఉందో చూసి రాసుకుంటుంది. అందరికీ చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు కూడా పంచింది. ముందు మా దగ్గర చిన్న మిషనుతో పరీక్ష, అవసరమైతే తర్వాత ఆసుపత్రిలో పెద్ద పరీక్ష. సెలవు రోజు చూసుకుని నిశ్శబ్దంగా ఉండే గది కావాలంది. నా స్పేర్ల గది ఇచ్చాను. మన గదిలో పరీక్ష అంటే మనకు కాస్త మర్యాద దక్కుతుందని.

ఖాజా నా కంటే ముందే వెళ్ళాడు. కాగితం పట్టుకుని బయటికొచ్చి అక్కడున్నవాళ్ళతో, "రెండు చెవులూ దెబ్బతిన్నాయంట. సుత్తి తిన్నదేదో తినేసింది, ఉన్నది కాపాడుకోమంది డాక్టరమ్మ" అని నవ్వుతూ అప్పటికప్పుడే ప్లగ్గులు జేబులో వేసుకున్నాడు. ఆ మాట వినగానే, అంటే పక్కవాడు నా చెవి దగ్గర గట్టిగా చెప్పగానే, నాలో పట్టుదల పొంగింది. ఖాజా తప్పాడు. నేను పాసవ్వాలి.

"కూర్చోండి సార్" అంది హారిక. తన వైపు నా వీపు ఉండేలా స్టూలు వేసింది. చేతికి ఒక బటన్ ఇచ్చి, తల మీద హెడ్‌ఫోన్లు పెట్టే ముందు నా ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పింది. "చిన్న చిన్న శబ్దాలు వస్తాయండీ. ఎంత సన్నగా వినపడినా సరే నొక్కండి. వినపడకపోతే నొక్కకండి. ఇందులో పాసూ ఫెయిలూ ఉండవు."

ఫెయిల్ ఉండని పరీక్ష ఎక్కడైనా ఉంటుందా అండీ? నన్ను ఏమార్చడానికి అంటోందనుకున్నాను.

మొదటి నాలుగైదు శబ్దాలు లావుగా వచ్చాయి. దర్జాగా నొక్కాను. తర్వాత నిశ్శబ్దం. అయిపోయిందేమో అనుకుని తలెత్తాను. ఎదురుగా గోడకు పాత లారీ సైడు అద్దం వేలాడుతోంది. అందులో హారిక కుడిచెయ్యి స్పష్టంగా కనిపిస్తోంది. వేలు మీట మీద పడుతోంది, లేస్తోంది. మళ్ళీ పడుతోంది.

నాకు ఒళ్ళు మండింది. నాకు వినపడకుండా వాయిస్తోంది! ఇదీ ఒక అవమానమే. సరే, లారీ అద్దం చూసి ఎన్ని బళ్ళు వెనక్కి తీయలేదు నేను? వేలు పడింది, నొక్కాను. వేలు లేచింది, వదిలాను. పడింది, నొక్కాను. కుడి చెవి అయింది, ఎడమ చెవి అయింది. ఒక్కటి వదల్లేదు.

హెడ్‌ఫోన్లు తీసేసరికి ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. నా ఎదురుగా వచ్చి నిలబడి, "సార్, ముప్పై ఏళ్ళు ఇక్కడే పనిచేశారా?" అంది.

"ఇక్కడే."

"ప్లగ్గులు గానీ, దూది గానీ పెట్టుకునేవారా?"

"అవన్నీ ఖాజా లాంటివాళ్ళకమ్మా."

"చివర్లో వచ్చినవి నాకే సరిగ్గా వినపడవండీ. మీరు ఒక్కటీ తప్పలేదు. ఎలా సార్?"

"నెయ్యి" అన్నాను. "గేదె నెయ్యి. చిన్నప్పటి నుంచీ."

పాపం, రాసుకుంది.

ఆ కాగితం మీద రెండు చెవులూ నార్మల్ అని ఉంది. నేను అదే రోజు లామినేషన్ చేయించి షెడ్డులో దేవుడి పటం పక్కన మేకు కొట్టి తగిలించాను. వచ్చినవాళ్ళందరికీ చూపించాను. అంతటితో ఆగి ఉంటే నేనొక పిచ్చివాణ్ణి, అంతే. ఆగలేదు. ఒకరోజు టీ కొట్టు దగ్గర ఖాజా నిలబడి ఉంటే, వీధిలో సగం మంది అక్కడే ఉన్నారని చూసుకుని, మేకు నుంచి కాగితం తీసి పట్టుకెళ్ళాను.

"ఏరా ఖాజా, నీ కూతురి నిఖాకు నన్నెందుకు పిలవలేదో నలుగురిలో చెప్పు" అన్నాను.

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. నా చెవి దగ్గరకొచ్చి గట్టిగా, "పిలవలేదా? అన్నా, అందరికంటే ముందు నీకే చెప్పాను. తేదీ కుదిరిన గంటకే నీ షెడ్డుకు పరిగెత్తుకొచ్చాను. ట్రాక్టర్ మీద వంగి ఉన్నావు. 'గుమ్మం దగ్గర నా పక్కన నువ్వే ఉండాలన్నా, వచ్చేవాళ్ళను మనిద్దరం కలిసి లోపలికి తీసుకెళ్ళాలి' అన్నాను. సరే సరే అన్నట్టు తల ఊపావు" అన్నాడు.

"నేనా?"

"నువ్వే. కళ్ళు మూసుకుని మరీ ఊపావు. సంతోషంతో అనుకున్నాను."

నేను కాగితం వాడి మొహం ముందు పెట్టాను. "చదువు."

"నార్మల్" అని చదివాడు.

"ఎన్ని చెవులు?"

"రెండూ."

"నార్మల్ చెవులకు నీ పిలుపు ఎందుకు వినపడలేదు? పిలవలేదు కాబట్టి."

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా, భద్రన్నా?"

"నేననడం లేదు. డాక్టర్ కాగితం అంటోంది. పోయింది నీ చెవులు కదా. పిలిచాననుకుని ఉంటావు. నీ నోట్లోంచి మాట వచ్చిందో రాలేదో నీకేం తెలుసు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా జీవితంలో నలుగురు నా మాటకు గట్టిగా నవ్విన రోజు అదొక్కటే. ఖాజా ఆ కాగితాన్ని రెండు చేతులతో నాకు తిరిగిచ్చాడు, నలగకుండా. ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. అదేమిటో ఇప్పటికీ తెలియదు.

నెల తిరక్కుండా షెడ్డు ఖాళీ చేసి ఉయ్యూరు వెళ్ళిపోయాడు. చెరుకు తోలే ట్రక్కులకు అక్కడ పని బాగా ఉంటుందన్నారు. రేకు గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. మా వీధిలో అందరికీ హాయిగా ఉందట. నాకు మాత్రం మధ్యాహ్నం అన్నం దిగేది కాదు.

ఇంతలో హారిక మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమెకు పై డాక్టరు గారు కూడా వచ్చారు. ఇంత చప్పుడులో ఇన్నేళ్ళు చెక్కుచెదరని చెవులను ఆసుపత్రిలో జాగ్రత్తగా పరీక్షించాలట. నేను తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. వీధి వీధంతా చెప్పుకున్నాను. సంఘం కార్యదర్శి శాలువా కప్పుతానన్నాడు. నిజం, అది నాకు వినపడింది!

ఆసుపత్రిలో ఒక గది. బీరువా అంత ఉంటుంది. గోడలకు మెత్తలు, తలుపు ఐసు డబ్బా తలుపులా మందంగా. నన్ను లోపల గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. చుట్టూ చూశాను. అద్దం లేదు. మెరిసే రేకు ముక్క కూడా లేదు.

నాలుగైదు లావు శబ్దాలు వచ్చాయి. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు కూర్చున్నాను. ఊరికే ఉంటే బాగుండదని రెండుసార్లు నొక్కి చూశాను. చివరికి తలుపు తట్టి, "మిషనుకు కరెంటు పోయినట్టుంది, చూసుకోండమ్మా!" అని అరిచాను.

తలుపు తెరిచారు. కరెంటు ఉంది. మిషను ఆడుతూనే ఉంది. పై డాక్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. నాతో వచ్చిన మా ఆవిడ నేలకేసి చూస్తోంది.

"ఇవాళ కొంచెం జలుబు" అన్నాను.

హారిక నాకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నా మొహం చూస్తూ నెమ్మదిగా, విడివిడిగా అడిగింది. "ఆ రోజు ఎలా విన్నారు సార్?"

చెప్పాను. లారీ అద్దం సంగతి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే దాన్ని కూడా గుర్తుపెట్టుకుని కొన్నాళ్ళు బతికేవాణ్ణి. తిట్టలేదు. "గోడ మీద అద్దం ఉందని చూసుకోకపోవడం నా తప్పే సార్. నా పరిశోధనలోంచి మీ పేజీ తీసేస్తాను. కానీ మీ వీధిలో చాలామంది ప్లగ్గులు పక్కన పడేశారు. భద్రం గారికి ఏమీ కాలేదు, నెయ్యి తింటే చాలట అంటున్నారు. వాళ్ళకు ఎవరు చెప్తారు?" అంది.

మొదటిసారి, ఎదుటివాళ్ళ మాట బాగా వినపడి కూడా నేను జవాబు చెప్పలేదు.

తర్వాత ఆ అమ్మాయే వివరించింది. పెద్ద చప్పుడు చెవిలోంచి ముందు సన్నటి శబ్దాలను తీసుకుపోతుందట. లావు శబ్దాలు చివరి దాకా ఉంటాయి. అందుకే ఇంజన్ దడదడ నాకు తెలుస్తుంది. మనిషి మాట్లాడుతున్నాడనీ తెలుస్తుంది. ఏమన్నాడో తెలియదు. పైగా స్క్రూడ్రైవర్ ఎముకకు ఆనించి ఉంటే, పక్కన ఎవరు ఏం చెప్పినా ఇంజన్ దడదడలో కలిసిపోతుంది.

ట్రాక్టర్. కళ్ళు మూసుకుని ఊపిన తల. ఆ ఇంజన్లో రెండో సిలిండర్ పోయిందని కనిపెట్టాను నేను. పక్కనే నిలబడి ఒక తండ్రి తన కూతురి నిఖా చెబుతున్నాడని కనిపెట్టలేదు.

బాధపడి వెంటనే మారిపోయాననుకుంటున్నారా? నా సంగతి మీకింకా తెలియలేదు. చెవి మిషన్లు ఇచ్చారు. ఏడాది పాటు బీరువాలో చీరల కింద ఉంచాను. చెవిలో మిషను పెట్టుకుంటే చెవిటివాడంటారని. పెట్టుకోకపోతే ఏమంటున్నారో నాకు ఎలాగూ వినపడదు కదా! చివరికి ఒకరోజు మా ఆవిడ క్యాలెండర్ వెనక పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టింది. "మీతో అరిచి అరిచి గొంతు పాడైంది. నెల రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు."

ఆ నెల తర్వాత మిషన్లు పెట్టుకున్నాను. నా చెప్పులకు చప్పుడుందని తెలిసింది. ఇంట్లో కుళాయి కారుతోందని తెలిసింది. అలవాటు చొప్పున కుర్చీలోంచి "కాఫీ!" అని కేకేశాను. వంటింట్లోంచి వచ్చింది, స్పష్టంగా: "తెస్తున్నానండీ." దాని వెనకే మెల్లగా ఇంకోటి: "ఒక్క నిమిషం ఆగడు ఈ మనిషి."

"రోజూ ఇలాగే జవాబు చెప్తున్నావా?" అని అడిగాను.

"మొదటిది మీకు. రెండోది నాకు" అంది.

ఏళ్ళ తరబడి దాచుకున్న అవమానాలు ఒక్కొక్కటే విప్పి చూసుకున్నాను. సంఘం కార్యదర్శిని అడిగితే, "కాలవ పని వచ్చే నెల మొదలు అని ఆరోజే చెప్పానండీ" అన్నాడు. కాలవ కట్టి రెండేళ్ళయిందట. నేను రోజూ దాని మీదే నడుస్తున్నాను.

అలా అన్నీ పోగా ఒక్కటి మిగిలింది. పోయిన నెలలో ఉయ్యూరు బస్సెక్కాను. చెప్పాల్సిన మాటలు కంకిపాడు దాకా వల్లించుకున్నాను. రోడ్డు పక్కనే ఖాజా షెడ్డు. వాడు నా వైపు వీపు పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, చెరుకు ట్రక్కు రేకును కొడుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. వాడు ఇటు తిరిగితే నాకు మాట రాదని, వెనకే నిలబడి మొదలుపెట్టాను.

"ఖాజా, పిలిచావురా. నువ్వు పిలిచావు. నాకే వినపడలేదు. ఆ కాగితం అబద్ధం. అద్దం చూసి నొక్కాను. నలుగురిలో నిన్ను అబద్ధాలకోరువన్నాను. ఆ ఖాళీ కుర్చీ సంగతి విజయ చెప్పింది. తప్పయిపోయిందిరా."

ఇంకా చాలా అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను. వాడు తిరగలేదు. సుత్తి ఆగలేదు. పైగా తల ఊపుతున్నాడు, దెబ్బ దెబ్బకీ.

నాకు పాత కోపం సర్రున లేచింది. ఇంత దూరం వచ్చి ఇంత చెబితే ఒక్క మాట పలకడా? గిర్రున తిరిగి రోడ్డు దాటి, వచ్చిన బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను. ఖాజా సుత్తి కింద పెట్టాడు. తువ్వాలు విప్పాడు. రెండు చెవుల్లోంచి రెండు ప్లగ్గులు తీసి, తుడిచి, చిన్న డబ్బాలో పెట్టి మూత వేసుకున్నాడు.

హారిక ఇచ్చిన ప్లగ్గులే. మా వీధి మొత్తంలో చెప్పిన మాట విన్నవాడు వాడొక్కడే.

బస్సు కదిలింది. దిగొచ్చు. "ఆపండి" అంటే ఆపేవాడు. నేను అనలేదు. అన్నేళ్ళకు ఒక్కసారి నోరు దాటిన మాటలు రెండోసారి దాటుతాయని నమ్మకం లేకపోయింది. దీన్ని మాత్రం ఎవరి మీదా తోయలేను.

కనుక ఇందుమూలంగా, రెండు చెవుల మిషన్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ డాక్టరు ముందూ అద్దం వంక చూడను. ఏ ఇంజన్ దగ్గరా తల ఊపను. ఎవరైనా పలకకపోతే, ముందు వాళ్ళ ఎదుటికి వెళ్ళి రెండు చెవులూ చూసి గానీ అవమానపడను. లామినేషన్ కాగితం చింపడానికి చూశాను, చిరగదు. షెడ్డులో అదే మేకుకు తిరగేసి తగిలించాను. వెనకవైపు పెద్ద అక్షరాలతో, "అద్దం చూసి పాసయ్యాను. నా మాట నమ్మకండి. ప్లగ్గులు పెట్టుకోండి" అని రాసి అతికించాను.

ఖాజా, ఇదంతా నీ కోసమే రాశాను. చదవడానికి ప్లగ్గులు అడ్డం రావు. షబానాను చూసి ఆశీర్వదించాలని ఉంది. గుమ్మం దగ్గర ఉంచిన ఆ కుర్చీలో కూర్చోవాలనీ ఉంది, ఎన్నేళ్ళు ఆలస్యమైనా సరే. టీ కొట్టు దగ్గర కాగితం తిరిగిచ్చేటప్పుడు నువ్వన్న మాట కూడా నాకు కావాలి. తిట్టయినా ఫర్వాలేదు. ఈ ఆదివారం పొద్దున వస్తాను. ఈసారి వెనక నిలబడను, ఎదురుగా నిలబడతాను. మిషన్లు రెండూ పెట్టుకునే వస్తాను. తల ఊపితే ఒప్పుకోను. నోరు తెరిచి జవాబు చెప్పు.